పేరు మారిన డిస్కు

కొల్లేటి లంకల్లోని ఒక ఊళ్లో, కేబుల్ ఆపరేటర్ ఇంటి మేడ మీద, మా కంపెనీ పెట్టిన చిన్న సర్వర్ ఒకటి ఉంది. ఏలూరు నుంచి ఆ ఊరికి వెళ్లే ఇంటర్నెట్ లైను అంతంత మాత్రం. వానాకాలంలో రోడ్డు మీదికి నీళ్లొస్తే అది కూడా ఎక్కడో తెగుతుంది. అందుకని పిల్లల పాఠాల వీడియోలు, మా లోకల్ చానల్ కార్యక్రమాలు ఒకసారి ఏలూరు నుంచి తెప్పించుకుంటే, వాటి నకలు తన దగ్గరే దాచుకుని, మళ్లీ ఎవరడిగినా అక్కడి నుంచే ఇచ్చే యంత్రం అది. మేం క్యాషింగ్ ప్రాక్సీ అంటాం. ఊళ్లోవాళ్లు పాఠాల పెట్టె అంటారు.

నేను ఆ కంపెనీలో సర్వర్లు చూస్తాను. భీమడోలు నుంచి రోజూ రైల్లో ఏలూరు వెళ్లొస్తాను. నాకు పని నేర్పినాయన ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి వచ్చారు కనక ఆఫీసులో అందరం ఆయన్ని మాస్టారు అనే పిలిచేవాళ్లం. కోపం తెలియని మనిషి. అడిగిందే మళ్లీ అడిగినా మొదటిసారి చెప్పినట్టే చెప్పేవారు. పాఠాల పెట్టెని సిద్ధం చేసింది ఆయనే.

మామూలుగా కంప్యూటర్లో డిస్కు పెడితే, ఏ ఫైలు ఎక్కడుందో పేర్లతో సహా రాసుకునే ఒక ఏర్పాటు దాని మీద ఉంటుంది. ప్రాక్సీకి ఆ ఏర్పాటు అడ్డం. వేగం కావాలంటే దానికి ఖాళీ డిస్కు మొత్తం అప్పగించెయ్యాలి. తన సర్దుబాటు తనే చేసుకుంటుంది. దీన్నే రా డిస్కు, అంటే ఏ ఏర్పాటూ లేని పచ్చి డిస్కు, ఇవ్వడం అంటారు. ఏ డిస్కు నీదో దానికి ఒక ఫైల్లో రాసిపెట్టాలి. అది చాలదు. ఖాళీ డిస్కు మీద నేరుగా రాసే హక్కు ఏ ప్రోగ్రాముకీ ఉండదు కాబట్టి, ఈ డిస్కు వరకూ ప్రాక్సీకి హక్కు ఉందని ఇంకోచోట ఒక నియమం కూడా రాయాలి. మాస్టారు ఆ రెండుచోట్లా డిస్కు పేరు ఎస్‌డీబీ అని రాశారు. సర్వర్ లేచినప్పుడు రెండో డిస్కుకి సాధారణంగా వచ్చే పేరు అది.

అదే పెట్టెలో మూడో డిస్కు ఒకటి ఉండేది. అది ఆపరేటర్ గారిది. ఆయన కేబుల్ నడపడమే కాదు, చాలా ఏళ్లుగా ఊళ్లో జరిగే పెళ్లిళ్లు, బారసాలలు, జాతరలు, చెరువుల దగ్గర చేపల పట్టుబడులు, అన్నీ కెమెరాతో తీసేవారు. ఊళ్లో సగం మంది దగ్గర తమ పెళ్లి వీడియో లేదు. ఉన్నది ఆయన దగ్గరే. ఎవరైనా అడిగితే కేబుల్లో వేసేవారు. ఆయన పాత కంప్యూటర్ పాడైతే, అదంతా ఎక్కడ పెట్టుకోవాలా అని దిగులుపడుతుంటే, పెట్టెలో చోటుంది, ఇందులోనే పెట్టుకోండి అని మాస్టారే చెప్పి స్వయంగా బిగించి ఇచ్చారు. అది మంచికే చేశారు.

ఆ ఏడు నీళ్లు ఎక్కువొచ్చాయి. ఆపరేటర్ గారి ఇంటి మెట్లు మునిగాయి. మేడ మీద గది పైకప్పు కారి పెట్టె మీద నీళ్లు పడ్డాయి. కరెంటు లేదు కాబట్టి పెట్టె ఆగిపోయే ఉంది. నీళ్లు తీశాక ఆయన పెట్టె విప్పి, డిస్కులు బయటికి తీసి, లోపలంతా ఆరబెట్టి, తీగలు మళ్లీ బిగించారు. అంతా బాగానే లేచింది. పాఠాలు వస్తున్నాయి. ఆయన సంతోషపడి ఆఫీసుకి ఫోన్ చేసి ఆ మాట చెప్పారు కూడా. ఆ తర్వాత ఎవరో పిల్ల బారసాల వీడియో అడిగితే చూద్దామని తెరిస్తే, ఆ డిస్కు మీద ఏమీ లేదు.

ఫోన్ నేనే ఎత్తాను. ఆయన చెప్పింది సగం వినగానే ఏం జరిగి ఉంటుందో అర్థమైంది. ముందు పెట్టె ఆపమన్నాను. మామూలుగా ఆపడం కాదు, ప్లగ్ లాగెయ్యమన్నాను. అది నడుస్తున్నంతసేపూ ఊళ్లో ఎవరు ఏ పాఠం చూసినా, దాని నకలు ఆ డిస్కు మీదే పడుతూ ఉంటుంది.

బస్సు దిగి, రోడ్డు తెగినచోట పడవ మీద దాటి ఆ ఊరు చేరేసరికి ఆయన పెట్టె ముందు కింద కూర్చుని ఉన్నారు. ఆ రెండు డిస్కుల తీగలు ఎలా ఉన్నాయో చూసి, పీకేసి, మొదటి డిస్కు ఒక్కదానితో పెట్టెని లేపి, మాస్టారు రాసిన ఫైళ్లు చూశాను. అనుకున్నదే జరిగింది. ఆయన తీగలు బిగించేటప్పుడు రెండు డిస్కుల తీగలు అటూ ఇటూ మారాయి. తీగలు మారితే పేర్లూ మారాయి. ఎస్‌డీబీ అన్న పేరు ఆయన డిస్కుకి వచ్చింది. ప్రాక్సీకి పేరు తప్ప ఇంకేమీ తెలియదు. హక్కు కూడా ఆ పేరు మీదే ఉంది. తనది కాని డిస్కుని తనదే అనుకుని, మొదటి నుంచి చెరిపి రాసుకోవడం మొదలెట్టింది.

"నా చేతులతో నేనే పోగొట్టుకున్నానండీ," అన్నారాయన. "విప్పకుండా మీకోసం ఆగాల్సింది. ఊళ్లోవాళ్లకి ఏం చెప్పను?"

తప్పు ఆయనది కాదని అప్పుడే చెప్పి ఉండొచ్చు. కానీ అది మాస్టారు చేసిన పని. ఆయన్ని అడగకుండా మాట జారడం సబబు కాదనిపించింది. డిస్కు తీసుకుని, చూసి చెబుతానండీ అని వచ్చేశాను. పడవలో దాన్ని నా టిఫిన్ బాక్సు సంచీలో పెట్టుకుని, ఒడిలో ఉంచుకున్నాను.

ఏలూరు ఆఫీసులో మాస్టారు నేను చెప్పింది విని, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తీగలు ఎలా మారినా మారని గుర్తు ప్రతి డిస్కుకీ ఒకటుంటుంది, తయారైనచోట వేసే సీరియల్ నంబరు. దాన్ని రాస్తే ఇది జరిగేది కాదు. నేను ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం లేదు. నాకు ఆ సంగతి చెప్పింది ఆయనే.

మా ఓనరు గారు ఇద్దరినీ లోపలికి పిలిచారు. ఆయన చెడ్డవారు కాదు. ఊళ్లో కనెక్షన్లు పోతాయని, పేరు చెడుతుందని భయం. ఆ ఆపరేటరే విప్పానంటున్నాడు కదా, నీళ్లు కూడా పడ్డాయి కదా, డిస్కు చెడిపోయిందని చెప్పి ఇచ్చెయ్యండి, కొత్తది కూడా మనమే ఇద్దాం అన్నారు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ గదిలోంచి బయటికొచ్చాక కూడా ఆయన నాతో మాట్లాడలేదు. తన సీట్లో కూర్చుని ఏదో పని చేస్తున్నట్టు స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయారు.

నన్ను బాధపెట్టింది అబద్ధం ఒక్కటే కాదు. డిస్కు చచ్చిపోలేదు. పేర్లు రాసుకున్న భాగం పోయింది, మొదటి భాగం మీద పాఠాలు పడ్డాయి. వెనకాల ఉన్నదంతా పేర్లు లేకుండా అలాగే ఉంది. చెడిపోయిందని ఇచ్చేస్తే ఆయన దాన్ని బయట పారేస్తారు. లేదా బీరువాలో పెట్టి, చూసినప్పుడల్లా తనని తను తిట్టుకుంటారు. ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఆయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, మీ చేతివల్ల జరగలేదండీ. తీగలు ఎలా పెట్టినా ఇలా కాకూడదు. మేం రాసిన తీరులోనే తప్పుంది."

ఆయన వెనకాల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినబడింది.

"మాస్టారు గారు రాశారాండీ?"

"మా ఆఫీసులో రాశామండీ," అన్నాను. తర్వాత, అంతా పోలేదని, కొంత తియ్యగలమేమోనని, దానికి కొంచెం టైము పడుతుందని చెప్పాను. ఆయన ఏడుస్తున్నారని అప్పుడు తెలిసింది.

తర్వాత ఆయనే ఓనరు గారికి ఫోన్ చేసి, డిస్కులోంచి ఎంతొస్తే అంత తీయించి ఇమ్మని, గొడవేమీ చెయ్యనని అడిగారట. ఓనరు గారు కాదనలేకపోయారు. నాతో మాత్రం, ఇక్కడ పనిచెయ్యాలనుందా అమ్మా అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నారు. కానీ ఏలూరు ఆఫీసులో ఆ పని పెట్టుకోవద్దన్నారు. తాడేపల్లిగూడెం బ్రాంచిలో పెద్ద మెషీన్ ఉంది. అక్కడికి తీసుకెళ్లాను.

ముందు డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కు మీదికి దించి, ఆ నకలు మీదే పని మొదలెట్టాను. వీడియో ఎక్కడ మొదలవుతుందో దాని గుర్తు బట్టి ప్రోగ్రాము వెతికి తీస్తుంది. పేరుండదు, ఊరుండదు. ఒక క్లిప్పులో పెళ్లికూతురు తలంబ్రాలు పొయ్యడానికి చెయ్యెత్తగానే తెగిపోతుంది. ఇంకోదాంట్లో ఎవరో ముసలాయన కెమెరా వద్దని చెయ్యి అడ్డం పెట్టుకుంటూ ఉంటాడు, అంతే. నేను ఒక్కదాన్నే ఆ మొహాలన్నీ చూస్తూ కూర్చున్నాను. పరాయి ఇంట్లోకి తొంగిచూస్తున్నట్టు ఇబ్బందిగా ఉండేది. ముందు భాగంలో మాత్రం అన్నీ పాఠాలే. త్రిభుజాలు, కిరణజన్యసంయోగక్రియ. వాటి కింద ఏముండేదో ఇక తెలియదు.

ఒకరోజు పొద్దున్నే మాస్టారు వచ్చారు. చెప్పకుండా వచ్చారు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"నాతో ఒక్క మాట ముందు అనాల్సిందమ్మా."

"ఆయన తన తప్పే అనుకుంటున్నారు మాస్టారూ."

ఆయన స్క్రీన్ వైపు తిరిగారు. నేను సర్దిచెప్పలేదు. నాకూ కోపంగానే ఉంది, ఆ గదిలో ఆయన నోరు తెరవనందుకు. ఇద్దరం క్లిప్పులు చూస్తూ కూర్చున్నాం. కొంతసేపటికి ఆయన, ఆపరేటర్ గారు మొదట్లో టేపు కెమెరా వాడేవారని, ఆ ఫైళ్ల మొదలు వేరే రకంగా ఉంటుందని, ఈ ప్రోగ్రాము వాటిని పట్టుకోవడం లేదని అన్నారు. ఆ గుర్తు కూడా చేర్చి మళ్లీ నడిపాం. ఇంకొన్ని వచ్చాయి. మధ్యాహ్నం బ్రాంచి వాళ్లు భోజనానికి పిలిస్తే ఆయన వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. తర్వాత కూడా ఆయన వస్తూనే ఉన్నారు, పని అయ్యేదాకా.

తీసినవన్నీ తీసుకుని ఇద్దరం ఊరికి వెళ్లాం. ఆపరేటర్ గారు మేడ మీద టీవీ పెట్టి, చాపలు పరిచారు. ఏది ఎవరిదో చెప్పడానికి ఊళ్లోవాళ్లు వచ్చారు. మొదలెట్టక ముందు మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఇది నేను చేసిన పొరపాటండీ. ఈయన తప్పేం లేదు."

పాఠం చెప్పినట్టు గట్టిగానే చెప్పారు. ఒకతను, ఇప్పుడా చెప్పేది అన్నాడు. ఆపరేటర్ గారు క్షమించారనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. కుర్చీ ఒకటి తెచ్చి మాస్టారి పక్కన పెట్టారు.

తర్వాత మొహాలు వస్తుంటే ఒక్కొక్కళ్లూ గుర్తుపట్టారు. మా అత్త, మా చిన్నోడు, అది మా పాత పడవ. కొన్నిచోట్ల నవ్వులు కూడా వినబడ్డాయి. మేం పేర్లు రాసుకుంటూ పోయాం. గోడ దగ్గర ఒకామె కూర్చుంది. ఎవరి పెళ్లి వచ్చినా, ఎవరి జాతర వచ్చినా ముందుకి వంగి చూసేది. వాళ్లాయన వలకి వెళ్లి నీళ్లలో పోయాడని, వాళ్ల పెళ్లి ఆపరేటర్ గారు మరీ మొదట తీసినవాటిల్లో ఒకటని పక్కావిడ నాతో చెప్పింది. మరీ మొదట తీసినవే పాఠాలు పడ్డ ముందు భాగంలో ఉండేవి. నాకు ఆ సంగతి తెలుసు. మాస్టారికీ తెలుసు. అన్నీ అయిపోయాయి. అందరూ లేచారు. ఆమె నా దగ్గరికొచ్చింది.

"రేపు మిగతావి ఏస్తారాండీ?"

ఇంకేమీ మిగల్లేదమ్మా అన్నాను. ఆమె తలూపి, కాసేపు టీవీ వంక చూసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

వచ్చేముందు పాఠాల పెట్టెని మళ్లీ సరిచేశాం. మాస్టారు ప్రాక్సీ డిస్కుని వెలుతురుకి పెట్టి దాని మీది సీరియల్ నంబరు ఒక్కో అక్షరం చదివారు, నేను రెండుచోట్లా టైపు చేశాను. తర్వాత తీగలు కావాలని మార్చి పెట్టి, ఆపి, లేపి చూశాం. ప్రాక్సీ తన డిస్కునే పట్టుకుంది. ఆపరేటర్ గారి డిస్కు మాత్రం ఆయన అందులో పెట్టనివ్వలేదు. తువ్వాల్లో చుట్టి లోపలికి తీసుకెళ్లారు.

ఆ నెలాఖరుకి మాస్టారు ఉద్యోగం మానేశారు. ఎవరూ మానమనలేదు. వట్లూరులో ఏదో కాలేజీలో మళ్లీ పాఠాలు చెబుతున్నారని విన్నాను. నేను ఫోన్ చేస్తే ఎత్తేవారు, బాగున్నావామ్మా అని అడిగేవారు, అంతకన్నా మాట సాగేది కాదు. చాలాకాలం తర్వాత ఏలూరు కొత్త బస్టాండులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. పాఠాల పెట్టె ఎలా ఉందని అడుగుతారనుకున్నాను.

"ఆవిడ వాళ్లాయన ఫొటో అయినా దొరికిందామ్మా, ఎవరి దగ్గరన్నా?"

ఊళ్లో అందరినీ అడిగామని, ఆధార్ కార్డు మీది ఫొటో ఒకటే ఉందని చెప్పాను. ఆయన సరేనన్నట్టు తలాడించారు. ఇంతలో బస్సొచ్చింది. ఒకసారి ఇంటికి రా అమ్మా అని ఎక్కేశారు. కిటికీ పక్కన సీటు దొరికింది ఆయనకి, కానీ ఇటు చూడలేదు.