మనుమని భుజాల మీది చుక్కలు

మిరుగు కార్తె వచ్చినంక మొదటి ఐతారం, పొద్దుగాల తొమ్మిదిన్నరకు, ఇంద్రేశం చౌరస్తాల నా మనుమడు ఇనుప పోల్ ఎక్కి తన బొమ్మను తనే కోసి కింద పడేసిండు. కొడవలి నాది. ముసల్దానికి మతి పోయిందని ఊర్ల అనుకుంటుండ్రు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మనుమనికి నిరుడు ఫౌజుల ఆఫీసర్లను తయారుచేసే అకాడమీల సీటొచ్చింది. మూడేండ్లు ఆడనే చదువు, ఆడనే కసరత్తు. అన్నీ పాసైతెనే ముందటికి పోవుడు. గీ ముచ్చట మా ఇంట్ల ఎవ్వల చెవికీ ఎక్కలే. పోరడు రైలెక్కకముందే మా అల్లుడు చౌరస్తాల ఇంటి గోడంత ఫ్లెక్సీ కట్టిచ్చిండు. అల్లునిది ప్లాట్ల దందా. పొలంల నాలుగు రాళ్లు పాతి గేటెడ్ కమ్యూనిటీ అంటడు, వాన పడితె అండ్ల కప్పలు కాపురముంటయ్. స్టూడియో వాడు మనుమని మొకం కోసి ఎవలిదో ఆఫీసరు డ్రెస్సు మీద అతికిచ్చిండు. భుజాల మీద చుక్కలు, రొమ్ము మీద పతకాలు. యుద్ధం ఒక్కటే తక్కువ. పైన లీడర్ తలకాయ మనుమని కంటె పెద్దగ, కింద మూలకు అల్లుని ప్లాట్ల అడ్వర్టైజ్‌మెంటు, ఫోన్ నంబరు. ఆ దినం నుంచి నా కొడుకును ఊరంత మేజర్ సాబ్ నాయిన అని పిలుసుడు, వాడు రొమ్ము ఇరుసుకొని నడుసుడు. కంపెనీల మిషిన్ తిప్పేటోడు, ఆ పిలుపుకు వానికే చుక్కలు మొలిసినట్టు అయ్యింది.

ఎండకాలం సెలవులకు మనుమడు వచ్చిండు. వచ్చినోడు గడప దాటడు. నేను ఇంటెనుక గోరుచిక్కుడు తుంచుతుంటె పక్కన కూసుండి తనూ తుంచబట్టిండు. మగ పోరడు అడగకుండ కూరగాయల మీద చెయ్యేసిండంటె ఏదో కొంప మునిగే ఉంటదనుకున్న.

"నాయినమ్మా, లెక్కలల్ల, ఫిజిక్సుల ఫెయిలైన," అన్నడు. "సెలవులు కాంగనే మళ్ల పరీక్ష పెడ్తరు. అది గూడ పోతె ఆర్నెల్లు ఎనక్కి ఏస్తరు. కింది పోరగాండ్లతోని కూసోవాలె."

ఎట్ల పోయిందని అడిగిన. తెల్లారకముందే ఉరుకుడట, పరేడట, ఇగ క్లాసుల కూసుంటె రెప్పలు నిలువయట. సారు బోర్డు నింపేలోపట వీడు ఒక నిద్ర తీసి లేస్తడు. నేనింక పోను, పటాన్‌చెరుల ఏదన్న కంపెనీల చేర్త అన్నడు.

"కంపెనీ అంటె మీ నాయిన ఇడిసిన చెప్పా, కాలికి దొరికిందని తొడుక్కోనీకి? క్లాసుల నిద్రపోతె మార్కులు పోతయ్. మిషిన్ మీద నిద్రపోతె చెయ్యి పోతది."

వాని గుబులు పరీక్ష కాదు. "ఆ చుక్కలు నాయి కావు నాయినమ్మా. ఫెయిలైనోన్ని ఆ ఫ్లెక్సీ కిందికెళ్లి ఎట్ల నడువాలె?" అన్నడు.

ఇంట్ల చెప్పిన. కోడలు కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సి, ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కుకుంట అన్నది. మొక్కుకో బిడ్డా, గని నిద్రపోయేటోని బదులు అమ్మవారు పరీక్ష రాయదు అన్న. కొడుకు బయట పొక్కనీయొద్దన్నడు. పోరడు పాసైతడా లేదా అని కాదు, తన పిలుపు పోతదని వాని పరేషాన్. అల్లుడు అందరికంటె తెలివైనోడు. మార్కుల సంగతి జెర చూడమని లీడర్ పీఏకు ఫోన్ కొట్టిండు.

"మిలట్రీ అయితేంది అత్తమ్మా, ఆడ మనోడు ఒక్కడన్న ఉండడా?"

భూమి పట్టాకు పైరవీ చేసేటోళ్లను చూసిన గని ఫిజిక్సుకు పైరవీ చేసేటోన్ని గప్పుడే చూసుడు. ఆ పీఏ ఇంకా మొనగాడు, అకాడమీ ఏ మండలం కిందికొస్తదని అడిగిండట.

అల్లుని ముంగట అత్త నోరెత్తొద్దంటరు. నేను ఎత్తిన. పోరన్ని తీస్కపోయి గా పోలుకు కట్టిపెట్టి, ఇగ చదువుకో అంటె ఎట్ల చదువుతడు అన్న. ఒక్కనికి తలకెక్కలే.

నాకు అక్షరాలొచ్చింది యాభై దాటినంక. అప్పటిదాంక కంపెనీల ఊడ్సి, గేటు కాడ వేలిముద్ర ఏసిన దాన్నే. రెండో తరగతిల ఉన్నప్పుడు ఈ మనుమడే తన పలక మీద నాకు నేర్పిండు. కఠినం పంతులు. తప్పు రాసి నేను కొంగు అడ్డం పెడితె, కొంగు గుంజి, తప్పు ఏడున్నదో నాతోనే చూపెట్టిచ్చి, గప్పుడు తుడువనిచ్చేటోడు. కప్పిపెడితె తప్పు పోదని ఏడేండ్లప్పుడు తెల్సినోడు పెద్ద చదువులల్ల పడి మర్సిండు.

అందుకే ఐతారం నాడు వాని చేతికి కొడవలిచ్చి చౌరస్తాకు తోల్కపోయిన. అకాడమీల తాడు ఎక్కుడు నేర్పిచ్చిండ్రట, దాంట్ల మాత్రం ముందే ఉంటడట. సర్రున ఎక్కిండు. చాయ్ హోటలాయన బయటికొచ్చి, ఏంది మేజర్ సాబ్, కొత్తది కడ్తున్నరా అని అడిగిండు. మనుమడు నా దిక్కు చూసిండు. నేను వాని దిక్కే చూసిన, సాయం చెయ్యలే.

"మేజర్ గాదు కాకా. రెండు సబ్జెక్టుల ఫెయిలైన. మళ్ల రాసేదుంది."

హోటలాయన గ్లాసుల చాయ్ పోసి, అయితె జల్దీ దిగు, చాయ్ సల్లారుతది అన్నడు. ఇజ్జత్ పోవుడంటె గింతే. గీ దానికోసమే మా ఇంట్ల అన్నం ముట్టకుండ కూసున్నరు.

అల్లుడు బండి మీద ఉరికొచ్చి, ఇజ్జత్ తీసినవు అత్తమ్మా అని లొల్లి పెట్టిండు. "గాలికి చినిగే ఇజ్జత్ ఎన్ని దినాలు ఆపుతవు అల్లుడా? నీ ఫోన్ నంబర్ ముక్క కోసిస్త, తీస్కపో," అన్న.

ఫ్లెక్సీ పారెయ్యలే. బొమ్మ దిక్కు కిందికి పెట్టి ఇంటెనుక రేకుల కొట్టం సందుల మీద కప్పిన, ఇప్పుడు వాన లోపటికి కారుతలేదు. మనుమడు దాని కిందనే కూసుండి చదివిండు. లెక్కలు నాకు రావు, కునికితె మెడ మీద ఒక్కటి సరిసుడొచ్చు. అదే చేసిన.

ఫిజిక్సు పాసైండు. లెక్కలు పోయినయ్. ఆర్నెల్లు ఎనక్కి ఏసిండ్రు. కింది పోరగాండ్లతోని కూసుంటుండు. మొన్న ఫోన్ చేస్తె సిగ్గైతుందా అని అడిగిన. సిగ్గుపడనీకి టైమేడిది, నిలవడి రాస్తున్న, కూసుంటె నిద్రొస్తది అన్నడు.

ఆ పొద్దు చౌరస్తాల ఉన్నోళ్లు: చాయ్ హోటలాయన. కంపెనీ బస్సు కోసం నిలవడ్డ ఇద్దరు బీహారోళ్లు, పోల్ ఊగకుండ పట్టుకున్నది వాళ్లే. కూరగాయల గంప దించిన మా పాలోళ్ల ముసలామె. ఎనుక వచ్చిన అల్లుడు. గోడ చాటుకు నిలవడి, మేం చూడలేదనుకున్న నా కొడుకు, కోడలు. కింద నేను, మీద మనుమడు.