అమ్మ గొంతుకు అందిన పాట

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వులాట. రైల్వేలో కరెంటు పని నాది. లైటు దానంతటదే ఆరిందంటే వైరు ఎక్కడ లూజయిందో చూస్తాను తప్ప దిష్టి తీయించను. అలాంటి నేను ఇది రాయాల్సి వస్తుందనుకోలేదు.

కాజీపేటలో మాకో చిన్న రాక్ బ్యాండ్ ఉండేది. నేను బేస్ గిటార్. సుమన్ గిటార్ వాయిస్తూ పాడేవాడు. వాడి అన్న విన్సెంట్ గంజాయితో మొదలుపెట్టి సూదుల దాకా పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ బాధలోంచే సుమన్ ఒక పాట కట్టాడు. “అన్నా, నీ పళ్లెంల అన్నం ఇంకా వేడిగనే ఉంది” అని వాడు గొంతు చించుకుని అరుస్తుంటే జనం ఏడ్చేవారు.

వాళ్లమ్మ చర్చిలో పాటలు పాడే మనిషి. కొడుకుతో కలిసి ఆ పాట పాడాలని ఆమెకు ఆశ. “జర శ్రుతి కిందికి దించు బిడ్డా, నా గొంతు అందుతలేదు” అనేది. “రేపు దించుతా అమ్మా” అని వీడు నవ్వేవాడు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

అలాంటి పాట కట్టినవాడు మత్తు జోలికి పోడని మా బ్యాండ్ మొత్తానికీ నమ్మకం. మండుటెండల్లోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే స్టేజీ స్టైల్ అనుకున్నాం. అన్న పోయిన దారిలోనే వాడూ పోయాడు.

సమాధి చేసి వచ్చాక వాడి గిటార్ తీగలన్నీ నేనే వదులు చేశాను. వాడకుండా పెట్టేటప్పుడు అలా చేయకపోతే గిటార్ మెడ కర్ర వంగిపోతుంది. పెట్టెలో పెట్టి, తాళం వేసి, వాళ్లమ్మ మంచం కింద ఉంచాను. తాళంచెవి నా బండి తాళాలతోనే ఉండిపోయింది.

ఏడాదికి వాళ్లింట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక అమ్మ నన్ను పిలిచి, “ఆ పాట వాయించు బిడ్డా. మా ఇద్దరు పోరగాండ్ల కోసం” అంది.

పెట్టె తెరిచాను. తీగలు బిగిసి ఉన్నాయి. మీటితే ఆరూ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి. కానీ అది మా శ్రుతి కాదు. ఫోన్‌లో శ్రుతి కొలిచే యాప్ పెట్టి చూస్తే ప్రతి తీగా సరిగ్గా రెండు మెట్లు కింద ఉంది. ఎండకు తీగలు సాగుతాయి గానీ బిగుసుకోవు. అమ్మకు గిటార్ శ్రుతి చేయడమే రాదు.

పైకి పెంచడానికి చెయ్యి రాలేదు. అలాగే మొదలుపెట్టాను. అమ్మ పాడింది. సుమన్ అరిచే చోట కూడా ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు.

తర్వాత ఆమెకు సంగతి చెప్పాను. ఆశ్చర్యపోలేదు. “దించుతా అన్నడు గద” అంది, కళ్లు తుడుచుకుంటూ.

తాళం చూశాను, పెట్టె అంతా వెతికాను, కూడికకు వచ్చినవాళ్లందరినీ అడిగాను. ఎలా జరిగిందో ఈరోజుకీ నాకు తెలియదు. అది తెలియకపోయినా ఫరవాలేదు. వాడు బతికుండగా ఆ చొక్కా చేతులు ఒక్కసారి పైకి మడిచి చూడలేదే అన్నదే నన్ను నిద్రపోనివ్వదు.