తెరిచిన కంప్యూటరుపై సంప్రోక్షణ

పదకొండేళ్లుగా నేను రాస్తున్న పద్యవ్యాఖ్యానమంతా పాత కంప్యూటరు హార్డ్‌డిస్కులోనే ఉంది. మరెక్కడా ప్రతి లేదు. పోయిన వారం ఆ యంత్రం ఆగిపోయింది. ఖరీదెక్కువైనా పేరున్న కంపెనీ డెస్క్‌టాపే కొందామన్నాను.

"గా కంపెనీ డబ్బా ఇప్పితే గ్యారంటీ పోతది, బాపు. సామాను తెచ్చి నేనే బిగిస్త. పాత డిస్కు గూడ అండ్లనే పెడ్త" అన్నది మా అమ్మాయి సుజాత.

ఈ ఉదయం కరీంనగర్‌లోని మా ఇంట భోజనాల బల్లపై ఆమె అన్నీ పరిచి బిగిస్తుంటే, ఏ మర ఎక్కడ జారుతుందో, నా అక్షరాలు ఏమైపోతాయోనని బల్ల చుట్టూ తిరిగాను. ఉండబట్టలేక కలశోదకం తెచ్చి, మంత్రం చెబుతూ, మూత తీసి ఉన్న యంత్రంపై ఉద్ధరిణితో చల్లబోయాను.

సుజాత చటుక్కున నా మణికట్టు పట్టుకున్నది. "అయ్యో బాపు, నీళ్లా! ఇంట్ల బిగించిందైనా, కంపెనీదైనా తడిస్తే ఖతమే! నీకు భయపడాల్సింది నేను!"

సాయంత్రం తెరపై వ్యాఖ్యానం చెక్కుచెదరక కనిపించింది. వెంటనే పెన్‌డ్రైవులోకి ప్రతి తీయించుకున్నాను. ఉద్ధరిణిని తిరిగి పూజగదిలో పెట్టేశాను. మీలో ఎవరైనా ఇంత పని చేయబోయారా, లేక నేనొక్కడినేనా?