తండ్రి చెంచా ఎత్తకముందు

ఖతార్‌లోని అల్ వక్రాలో నేను వంట చేసే ఇల్లు ఒక కొరియా కుటుంబానిది. తండ్రి రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు, గురువారం సాయంత్రం ఇంటికి వస్తాడు. ఆయన చెంచా ఎత్తేదాకా బల్ల దగ్గర ఎవరూ తినరు, మాట్లాడరు. ఎత్తాక పదహారేళ్ల కూతురిని మార్కులు అడుగుతాడు. ఆమె చెబుతుంది. అంతటితో మాటలు అయిపోతాయి.

ఒక బుధవారం ఆ అమ్మాయి ఐసు కోసం వంటగదిలోకి వచ్చింది. మోచేయి నల్లగా కమిలి ఉంది.

"ఇసుక దిబ్బ మీద నాలుగు చక్రాల బైకు పల్టీ కొట్టింది ఆంటీ. అమ్మకు చెప్పొద్దు."

"హెల్మెట్?"

నవ్వింది. "శుక్రవారం ఇంకా పెద్ద దిబ్బ ఎక్కుతాం. అక్కడ నన్నెవరూ మార్కులు అడగరు."

స్నేహితురాలి ఇంటికని చెప్పి ఆమెను దిబ్బల దగ్గర దింపేది నిజామాబాద్ నుంచి వచ్చిన ఇంటి డ్రైవరు. సార్‌కు చెప్పేస్తానంటే నా మీద లేచాడు.

"నీకెందుకక్కా? వంట చేసినమా, పండుకున్నమా! ముందుగాల నా నౌకరీ పోతది, తర్వాత నీది."

"నీ పేరు ఎత్తనులే."

"అబ్బో, పెద్ద వకీలమ్మ!"

పోయిన ఏడాది కాకినాడ దగ్గర మా తమ్ముడు బైకు ప్రమాదంలో పోయాడు. పందేలు కాసి నడుపుతాడని ఇంట్లో అందరికీ తెలుసు, నాన్నకూ నాకూ తప్ప. నాన్నంటే భయం. నేనేమో దూరంలో ఉన్నాను. "కంగారు పడతావని చెప్పలేదే," అంది అమ్మ ఫోన్లో. చావు గురించి నేను చదివిన పుస్తకాల్లో మంచి వాక్యాలు చాలా ఉన్నాయి. ఆ ఫోను పెట్టేశాక ఒక్కటీ అక్కరకు రాలేదు.

గురువారం అన్నం వడ్డించాను. ఆయన చెంచా ఎత్తకముందే నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.

"సార్, రేపు పాపను దిబ్బల మీదికి పంపకండి. బండి పల్టీ కొట్టింది. మోచేయి చూడండి."

"నువ్వు లోపలికి వెళ్లు," అంది మేడమ్.

"సార్ చూశాక వెళ్తాను."

"నిన్ను నమ్మాను," అంది ఆ అమ్మాయి.

తండ్రి లేచి వెళ్లి ఆమె చొక్కా చేతిని తనే పైకి మడిచాడు. ఆ మోచేతిని వదలకుండా కొరియన్‌లో ఏదో అడిగాడు. మార్కులు కాదు. ఆమె ఏడ్చింది. అన్నం చల్లారింది.

శుక్రవారం ఆమె ఇంట్లోనే ఉంది. ఈరోజుకీ నాతో మాట్లాడదు. పొద్దున్నే వంటగదిలోకి వచ్చి, నా వైపు చూడకుండా పాలు పోసుకుని వెళుతుంది.

పోసుకోనీ.