కుంగిన ఫోర్కు

కినత్తుకడవులో పెద్దమ్మ వాళ్ళ ఇంటి వసారాలో, ఎండుకొబ్బరి గోతాల పక్కన, అన్న సైకిలు ఉండేది. అన్న అంటే పెద్దమ్మ కొడుకు. అంతకుముందు ఏడాది ఆడి మాసంలో జ్వరంతో పోయాడు. ఆ చావుకూ సైకిలుకూ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే తర్వాత మేమందరం, నాతో సహా, సంబంధం ఉన్నట్టే నడుచుకున్నాం.

అది కొండదారుల్లో దిగడానికి చేసిన సైకిలు. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కుకు రెండు కాళ్ళు. ఎడమ కాలిలో గాలి, కుడి కాలిలో నూనె. గాలి మనిషి బరువును మోస్తుంది. కుంగిన ఫోర్కు ఎంత వేగంగా తిరిగి లేవాలో నూనె చూసుకుంటుంది. ఆ వేగాన్ని మార్చడానికి కుడి కాలి అడుగున, వేళ్ళతో తిప్పే ఒక ఎర్ర గుండీ ఉంటుంది. మనిషి ఎక్కి కూర్చుంటే ఫోర్కు తన లోతులో దాదాపు నాలుగో వంతు దిగాలి. తక్కువ దిగితే రాళ్ళ మీద చేతులు అదురుతాయి. ఎక్కువ దిగితే ఏటవాలులో మనిషి హ్యాండిల్ మీదుగా పల్టీ కొడతాడు.

చెల్లికి కావలసింది ఆ సైకిలే. పొల్లాచ్చి అవతల కొండవాలులో జరిగే పోటీకి పేరు ఇచ్చేసింది. తన సైకిలు ఊళ్ళో రోడ్లకే పనికొస్తుంది. పెద్దమ్మను అడుగుదామని ఇద్దరం కోయంబత్తూరు నుంచి వెళ్ళాం.

వసారా మెట్టెక్కుతూనే చెల్లి ఆగిపోయింది. సైకిలు స్టాండులో నిటారుగానే ఉంది, కానీ ముందు భాగం కిందికి దిగి ఉంది. ఎవరో సీటు మీద కూర్చుని, హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగినట్టు.

“మెల్లగా మాట్లాడండి,” అంది పెద్దమ్మ. “వాడు కూకోనుండాడు.”

“గాలి దిగిపోయింటాది పెద్దమ్మా.”

“నువ్వే చూడు, ఇంజినీరువి కదా.”

ఫోర్కు వాల్వుకు గాలి కొట్టే చేతిపంపు తగిలించి, దాని మీటరు ముల్లు చూశాను. ఒత్తిడి దాదాపు ఉండవలసినంత ఉంది. గాలి ఎక్కడికీ పోలేదు. అయినా ఫోర్కు కుంగి ఉంది.

అప్పుడు ఇంకొకటి చూశాను. ఫోర్కు కాలి నున్నటి గొట్టం మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది. ఫోర్కు ఎంతవరకు దిగిందో అది చూపిస్తుంది. అన్న బతికి ఉండగా, తను కూర్చుంటే రింగు ఎక్కడికి రావాలో ఆ గొట్టం మీద మార్కరుతో సన్నగా గీత గీసుకున్నాడు. రింగు ఆ గీత మీదే ఉంది.

“ఏమైందన్నా?” అంది చెల్లి.

“ఏం లేదు.”

“నీ మొగం చూస్తే ఏం లేనట్టు లేదే.”

పెద్దమ్మ కాఫీ గ్లాసులు మా చేతికిచ్చి, మూడోది సైకిలు పక్కన గోడ వారగా పెట్టింది. “పాప తొక్కుకోనీ కణ్ణూ, నేనేమన్నా వద్దంటానా? అయితే వాడు లేసినంక తీసుకుపొండి. కూకోనుండేవాణ్ణి లాగొద్దు.”

మరుసటి వారం ఇద్దరం పనిముట్లతో వెళ్ళేసరికి ఫోర్కు ఆ గీతను కూడా దాటి కుంగింది. దారిలో ఆలోచించి కారణం పట్టుకున్నాను. ఎడమ కాలి లోపల ఒక పిస్టను ఉంటుంది. దాని పైన పెద్ద గాలి గది, కింద చిన్న గాలి గది. మధ్యలో గాలిని ఆపే రబ్బరు సీలు దెబ్బతింటే పైగాలి కింది గదిలోకి జారుతుంది. గాలి బయటికి పోదు, పోకూడని గదిలోకి పోతుంది. అప్పుడు ఫోర్కు తనను తానే కిందికి లాక్కుంటుంది. పోయిన వారం రింగు అన్న గీత దగ్గర ఉండడం దారి మధ్యలో ఒక మజిలీ, అంతే. ఇదంతా తెలిసి కూడా, సైకిలు పక్క నుంచి నడిచేటప్పుడు దాని భుజం తగలకుండా ఒదిగి నడిచాను. సైకిలుకు భుజం ఉండదు.

“విప్పొచ్చునా పెద్దమ్మా? లేపుతాను.”

“వాడికి నొప్పి లేకుండా చెయ్యి,” అని ఆమె కొబ్బరితోటలోకి వెళ్ళిపోయింది.

ముందు గాలి మొత్తం వదిలాను. విప్పినవాటిని విప్పిన వరసలోనే పాత పేపరు మీద పేర్చడం నా అలవాటు: మూత, రింగులు, వాషర్లు, చివరికి పిస్టను కడ్డీ. కడ్డీ బయటికి వచ్చినప్పుడు దాని చుట్టూ గ్రీజు ఎర్రగా ఉంది. నల్లగా రావాలి, లేదా తెల్లగా రావాలి. ఇది చిక్కగా, ముదురెరుపుగా నా వేళ్ళకు అంటుకుంది. చెల్లి వెనక్కి జరిగి గోతానికి తగులుకుంది.

“అన్నా, మూసేయ్.”

వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చందనం వాసన.

మా వైపు ఇనుముకు బొట్టు పెట్టని ఇల్లు లేదు. ఆయుధ పూజ వస్తే లేత్ మెషీనుకు, మోటారు పంపుకు, తూకంరాళ్ళకు, అన్నిటికీ చందనం, కుంకుమ. పెద్దమ్మ ఈ సైకిలుకు శుక్రవారం శుక్రవారం పెట్టేది. అన్న ఉన్నప్పుడు వాల్వుకు మూత ఉండేది, బొట్టు ఆ మూత మీద పడేది. ఆ మూత ఎప్పుడు పోయిందో తెలియదు. అప్పటినుంచి బొట్టు తిన్నగా వాల్వు నోట్లో పడింది. సైకిలు పాడవకూడదని, అన్న పోయాక కూడా వచ్చినప్పుడల్లా పంపు పెట్టి గాలి కొట్టింది నేను. పొడి ఆమెది, గాలి నాది. మా వర్క్‌షాపులో ఇనుమును అరగదీయడానికి గ్రీజులో రాతిపొడి కలుపుతాం. ఇద్దరం కలిసి అలాంటిదే తయారుచేసి సీలును అరగదీశాం.

“పెద్దమ్మకు చెప్తావా?” అంది చెల్లి.

“ఏమని?”

“నీ బొట్టే నీ కొడుకును కూకోబెట్టిందని.”

చెప్పలేదు. అంతా తుడిచి, కొత్త సీళ్ళు వేసి, కుడి కాలిలో నూనె కూడా మార్చి, చెల్లి బరువుకు తగ్గట్టు గాలి కొట్టాను. తను ఎక్కి కూర్చుంటే ఫోర్కు నాలుగో వంతు దిగి ఆగింది. తర్వాత ఎర్ర గుండీ సంగతి. మరీ వేగంగా లేస్తే చక్రం ఎగిరిపడుతుంది. మరీ మెల్లగా లేస్తే ఇంకా ప్రమాదం: రాయి మీద రాయి వచ్చినప్పుడు లేవడానికి సమయం చాలక, దెబ్బదెబ్బకూ కిందికి దిగిపోతుంది. ఇదంతా చెల్లికి చెబుతూ సరైన చోట పెట్టాను.

నేను చెబుతుండగానే పెద్దమ్మ తోట నుంచి వచ్చి నిటారుగా ఉన్న సైకిలును చాలాసేపు చూసింది. “లేసినాడు,” అంది. ఏడవలేదు. దగ్గరికి వచ్చి హ్యాండిల్ మీద రెండు అరచేతులూ పెట్టి నొక్కింది. ఫోర్కు దిగింది. చేతులు వదులు చేసింది. నూనె సన్నటి రంధ్రంలోంచి జారుతూ ఫోర్కు పైకి వచ్చింది. స్స్. మళ్ళీ నొక్కింది. స్స్. తల వంచి వింటూ నొక్కుతోంది. కొత్త నూనెకు ఆ శబ్దం ఉంటుంది, నాకు తెలుసు.

“ఊపిరి తీస్తావుండాడు,” అంది.

మరోసారి నొక్కి విన్నది.

“అయితే ఇంత వేగంగా తియ్యడు వాడు. ఆ ఎర్రదాన్ని తిప్పితే మెల్లగా అయితాదని పాపతో చెప్తావుంటివే. తిప్పు.”

కూర్చుని గుండీని ఒక మెట్టు తిప్పాను, టక్కుమంది. ఆమె నొక్కి విన్నది. “ఇంకా.” ఇంకో టక్కు. “ఇంకా.” తిప్పుతూ పోయాను. గుండీ ఇక ఆగిపోయే చోటికి దగ్గరపడింది. ఫోర్కు పైకి రావడానికి మనిషి నిద్రలో తీసేంత పొడుగు ఊపిరి పట్టింది.

“ఆ. ఇదే.”

అన్న గదిలో, అన్న పక్కన, నేను ఎన్నో సెలవులు పడుకున్నాను. ఇదే అని నాకూ తెలుసు. వేళ్ళు గుండీ మీది నుంచి తీయడానికి కొంచెం సేపు పట్టింది.

“ఇట్లానే ఉండనీ, మార్చొద్దు,” అంది పెద్దమ్మ, మా చెవుల దగ్గరికి వంగి. “సీక్రం తీసుకుపొండి, మెలకువ రాకముందే.”

పోటీ రోజు పొద్దున కొండ మీద గాలి బాగా వీస్తోంది. అందరూ సైకిళ్ళు దించుకుంటున్నారు. ఆ గుండీ అలాగే ఉంటే రాళ్ళ మలుపులో చెల్లి తల పగులుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. వంగి దాన్ని సరైన చోటికి తిప్పాను. చూడమని చెల్లికి చెప్పాను. తను ఒకసారి నొక్కింది, రెండుసార్లు నొక్కింది. పొట్టిగా, గబగబా, పరుగెత్తుతున్న మనిషి తీసినట్టు వచ్చింది శబ్దం. చెల్లి చేతులు తీసేసింది.

“లేపేసినావన్నా.”

“తొక్కాలంటే లేపాల్సిందే.”

“పెద్దమ్మ వద్దనింది.”

“పెద్దమ్మకు నీ తలకాయ కూడా కావాల కదా.”

తను నవ్వలేదు. హెల్మెట్ పెట్టుకుని, “నన్ను పడెయ్యొద్దు,” అంది. నాతో కాదు.

పడలేదు. గెలవనూ లేదు. మోకాళ్ళ దాకా దుమ్ముతో కిందికి వచ్చింది. ఫోర్కు ఎలా పనిచేసిందని అడిగితే బాగుందని మాత్రం అంది. రింగు అన్న గీత మీద ఉందో, ఇంకెక్కడ ఉందో నేను చూడలేదు.

సైకిలును తిరిగి అప్పజెప్పడానికి వ్యానులో బయలుదేరాం. చెల్లి ముందు సీట్లో కూర్చోనంది. వెనక సైకిలు పక్కన నేల మీద కూర్చుంది. పొల్లాచ్చి దాటాక వెనక నుంచి టక్కు, టక్కు అని వినిపించింది. ఎంత తిప్పాలో నేను చెప్పలేదు. ఒకచోట తనే ఆపింది.

ఆ తర్వాత వచ్చిన స్పీడ్ బ్రేకరు మీద వ్యాను ఎగిరింది. వెనక నుంచి పొడుగ్గా, నిదానంగా ఒక ఊపిరి వచ్చింది.

“మెల్లగా పోన్నా,” అంది చెల్లి, గొంతు తగ్గించి.

మిగిలిన గతుకులన్నిటి మీదా బండిని మెల్లగా ఎక్కించి, మెల్లగా దించాను.