లెక్కకు అందని చుక్కలు

నైజాం పాలన పోయిన మరుసటి ఏడాది మాట. మా ఊరు మోతెలో నా భార్యకు నుదుటి మీద, ఎడమ కంటి చుట్టూ నీటి పొక్కులు లేచాయి. అమ్మవారు, అంటే మశూచి, పోసిందని మా అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. అమ్మవారు ఇంట్లో ఉండగా మందు ముట్టకూడదు. కన్నేమో మూసుకుపోతోంది.

సూర్యాపేట నుంచి డాక్టరును పిలిపిస్తే, ఒక పొక్కు అడుగున గీకి గాజుపలక మీద పూసుకున్నాడు. ఆయన వెంట దవాఖానకు వెళ్లాను. పలకకు రంగు వేసి, మైక్రోస్కోపులో నన్నూ చూడమన్నాడు.

"ఒక్కో కణంల ఒక్కటే నల్లచుక్క ఉండాలె. లెక్కలు సొంతంగ నేర్చినవంట గద, ఎన్నున్నయో చెప్పు."

ఒకసారి ఆరు వచ్చాయి, మరోసారి తొమ్మిది. ఏ చుక్క ఎక్కడ ముగుస్తుందో తెలియక తల తిరిగింది.

"తేలుతలేదు డాక్టర్ సాబ్."

"ఒక్క కణంల గన్ని కుక్కినట్టుంటే అది అమ్మవారు కాదు, సర్పి. నరం ఎంబడి ఒక్క పక్కనే లేచే పొక్కులు. కంట్లె మందెయ్యాలె."

ఇంటికొచ్చి అదే చెప్పాను.

"ఎన్ని సూసినవ్ రా?" అంది అమ్మ.

"లెక్క తేలలేదమ్మా."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "తేలని లెక్కను తేలిందని అబద్ధం సెప్పనోడివి. నువ్వు సూసింది నిజమే. సర్పే అయితది, ఎయ్యి మందు" అంటూ వేపమండలు విప్పింది.

కన్ను దక్కింది. తేలని లెక్కనే అమ్మ ఎందుకు నమ్మిందో నాకు ఇప్పటికీ అయోమయమే.