నాలుగు లావు తీగలు

రోజూ పొద్దున మొహం కడుక్కోగానే మామయ్య రికార్డ్ ప్లేయర్ మీద రసమట్టం పెట్టి చూస్తాడు. గాజుగొట్టంలోని బుడగ రెండు గీతల నడుమ నిలిస్తే సరే. లేకపోతే కింది మరలు వెంట్రుకవాసి తిప్పి సరిచేస్తాడు. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బిగించిన మనిషి. బావిలాంటి గోడల మధ్య లిఫ్టు గది ఏ పక్కకీ ఒరగకుండా సరిగ్గా నడుమ వేలాడాలన్నదే ఆయన నేర్చిన విద్య. ఇంట్లో గోడ గడియారం కూడా కొలత లేకుండా మేకుకెక్కదు.

ఆయన దగ్గరున్న రికార్డులు పదికి మించవు. వినేది ఒకటే. ఒక గాయని పాడిన ఎనిమిది పాటలవి. వాటికి బేస్ గిటార్, అంటే నాలుగు లావు తీగలతో పాట అడుగున పలికే గిటార్, వాయించింది ఆయన తమ్ముడు. అట్ట వెనక అతని పేరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

రికార్డు చేతికొచ్చిన రోజున తమ్ముడు దాన్ని నేరుగా అన్న ఇంటికే తెచ్చాడు. అప్పుడు ఇంట్లో ఉన్నది పెట్టెలాంటి చిన్న ప్లేయరు. రెండు వైపులూ విని మామయ్య నవ్వాడు.

"ఏదిరా నువ్వు? పాటుంది, ఫిడేళ్ళున్నాయి. కూరలో కరివేపాకన్నా కంటికి కనబడుతుంది. నువ్వదీ లేవు."

"నన్ను తీసేసి విను అన్నయ్యా, అప్పుడు తెలుస్తుంది."

తమ్ముడూ నవ్వాడు గానీ, రికార్డు అక్కడే వదిలి తొందరగా వెళ్ళిపోయాడు. నాలుగు నెలలకు మెదడువాపు జ్వరంతో పోయాడు. అతను వాయించింది ఇంకెక్కడా లేదు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక మామయ్య మంచి ప్లేయరూ, నడుమెత్తు స్పీకర్లు రెండూ కొన్నాడు. గదిని నాలుగు వైపులా టేపుతో కొలిచి సరిగ్గా నడిమధ్య కుర్చీ వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. తమ్ముడు లేడు. ముల్లు మార్చాడు. ప్లేయరు కింద నాపరాయి పలక వేశాడు. స్పీకర్ల వైర్లు విప్పి ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు చూసుకుని మళ్ళీ బిగించాడు. చివరికి రికార్డుల షాపాయన్ని ఇంటికి పిలిపించాడు. ఆయన అన్నీ తట్టి చూసి తల గోక్కున్నాడు.

"ఇంకో రెండు రాళ్ళు వేస్తే ఇల్లే కట్టొచ్చు సార్. అన్నీ బాగానే ఉన్నాయి."

"బాగుంటే వాడేడీ?"

షాపాయన ఇంకోసారి వైర్లు కదిపి చూసి వెళ్ళిపోయాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం సాయంత్రం అత్తయ్య గోడకి ఆనుకుని కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మామయ్య రికార్డు ఆపి లేచాడు.

"ఇవన్నీ అమ్మేస్తానే. వాడి చెయ్యి పడ్డట్టే లేదు ఇందులో."

అత్తయ్య చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "అదేంటండీ? మరిది వాయించేది అంత బాగా వినబడుతుంటే."

"నీకా?"

"నాకే. వీపు వెనక గోడ కూడా అదురుతుంది."

"ఎప్పట్నుంచి?"

"మీరీ పెట్టెలు తెచ్చిన రోజు నుంచి."

"చెప్పొద్దూ?"

"మీకూ వినబడుతోందనుకున్నా. అందుకే కళ్ళు మూసుకుంటున్నారనుకున్నా."

మామయ్య వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ముల్లు అత్తయ్యే పెట్టింది. గాయని గొంతు కింద, తొందరపడకుండా, ఎవరో మెట్లు దిగుతున్నట్టు నాలుగు లావు తీగలు నడిచాయి. నాలుగో పాటలో గాయని ఊపిరి తీసుకునే చోట ఫిడేళ్ళూ ఆగుతాయి. అక్కడ తమ్ముడొక్కడే ఉన్నాడు. మామయ్య అరచెయ్యి గోడకి ఆనించి ఉంచాడు. పాటలైపోయి రికార్డు ఊరికే తిరుగుతున్నా, ముల్లు తీయడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

లావు శబ్దం గోడలకి కొట్టుకుని వెనక్కొచ్చి ఒక్కోసారి గది మధ్యలో తనను తానే మింగేసుకుంటుందనీ, గోడల దగ్గర పోగుపడుతుందనీ, పెట్టెలాంటి చిన్న ప్లేయర్లలో అయితే అసలు పలకదనీ షాపాయన తర్వాత ఆలోచించి చెప్పాడు.

"మీరు ఏరికోరి కొలిచి మరీ కూర్చున్నారు సార్, వినబడని చోట."

మామయ్యకి కోపం రాలేదు. "అయితే వాడు మొదట్నుంచీ ఉన్నాడన్నమాట," అన్నాడు. ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు.

మామయ్యకి ఇప్పుడు డెబ్బై మూడు. సన్నని శబ్దాలు ముందు పోతాయని చెవుల డాక్టరు చెప్పినట్టే అవుతోంది. ఫోను మోగితే వినబడదు. ఫిడేళ్ళు కిందటేడే పోయాయి, గాయని గొంతు అక్కడక్కడా అందుతుంది. తమ్ముడు వాయించేది వినబడుతుంది.